చారెడు కళ్లు

సుభద్ర పుట్టింటివాళ్లకి పార్వతీపురంలో ఫోటో స్టూడియో ఉండేది. ఊళ్లో పెళ్లయినా, బడిపిల్లలు పరీక్షలకి వెళ్తున్నా, మనిషి పోయినా పిలుపు ఆమె తండ్రి సింహాచలానికే. మొదటి రెండింటికీ తరవాత చాలామందే తయారయ్యారు గానీ మూడో పనికి మాత్రం ఆయనే వెళ్లాలి. బతికుండగా ఒక్క ఫోటో అయినా తీయించుకోని ముసలమ్మలు, జ్వరమొచ్చి పోయిన పిల్లలు, చేలో పాము కరిచిన రైతులు ఎంతమందో. గోడకి తగిలించుకోవడానికి బొమ్మయినా లేదే అన్న సంగతి ఇంటివాళ్లకి అప్పుడు గుర్తొస్తుంది. సింహాచలం వెళ్లి, పోయినవాళ్లని గోడకి చేరేసి కూర్చోబెట్టించి, ఫోటో తీసుకుని వచ్చి, స్టూడియోలో సన్న కుంచెతో ఆ మూసిన రెప్పల మీద కళ్లు తెరిపించేవాడు.

ఆ పని చూస్తూ పెరిగింది సుభద్ర. నాన్న చెయ్యి వణకడం మొదలయ్యాక కుంచె తనే పట్టుకుంది. "కళ్లు మూసుకున్న బొమ్మకి ఎవరు దణ్ణం పెడతారే? అది నిన్ను చూస్తేనే కదా నువ్వు దాన్ని చూస్తావు" అనేవాడు ఆయన. చచ్చినవాడి కళ్లు చారెడని సామెత. సింహాచలం చేతిలో పడితే అవి నిజంగానే చారెడయ్యేవి. మా అయ్యకి ఇంతింత కళ్లు లేవయ్యా అని ఫోటో వెనక్కి తెచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ఆ విద్య సముద్రం దాటొచ్చాక కూడా పనికొస్తుందని ఎవరనుకున్నారు? సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు మీద పూలదండలమ్మే దుకాణం పక్కన మెట్లెక్కితే మిసెస్ లిమ్ అనే ఆవిడ ఆఫీసు. అమెరికావాళ్లు తాతల నాటి ఫోటోలు కంప్యూటర్లో పంపిస్తే, ఇక్కడ బాగుచేసి తిరిగి పంపించడం వ్యాపారం. రెండువేల సంవత్సరం అది. కంపెనీ పేరు చివర డాట్ కామ్ అని ఉంటే చాలు, జనం ఎగబడి పెట్టుబడి పెట్టే రోజులు. కుంచె పట్టిన చేతికి మౌస్ అలవాటవడానికి సుభద్రకి ఎన్నో రోజులు పట్టలేదు. చెప్పాలంటే ఆ ఉద్యోగంలో చేరింది జీతం కోసం కాదు. క్లెమెంటిలో తాముండే ఫ్లాట్‌లో నాలుగు గోడల మధ్య పగలంతా ఒంటరిగా కూర్చుంటే పిచ్చెక్కిపోతుందని చేరింది.

దానికి కారణం ఆర్నెల్ల కిందటిది. ఆమె భర్త కృష్ణప్రసాద్ ఒక బ్యాంకుకి ప్రోగ్రాములు రాసేవాడు. కొత్త సంవత్సరం తేదీ చూసి ప్రపంచంలో కంప్యూటర్లన్నీ బెంబేలెత్తిపోతాయని అందరూ భయపడుతున్న డిసెంబరులో, ప్రోగ్రామర్లెవరికీ సెలవులు లేని ఆ నెలలోనే, సుభద్రకి నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. మగపిల్లాడు. అరచేతిలో ఇమిడేంత. ఒళ్లు పచ్చబడిందని నీలం దీపం కింద పడుకోబెట్టి, వెలుతురు పడకుండా కళ్లకి గంతలు కట్టారు. సుభద్ర ఆపరేషనై, జ్వరం పట్టుకుని, వేరే వార్డులో ఉంది. ఒకేఒక్కసారి చక్రాల కుర్చీలో తీసుకెళ్లి అద్దంలోంచి చూపించారు. ఇంత ముక్కు, ఇంత నోరు, కళ్లుండవలసిన చోట తెల్లటి గుడ్డ. అంతే చూసింది.

ఆ వార్డు నర్సు కెమెరా తెచ్చి, ఒక ఫోటో తీసి ఉంచనా అని అడిగింది. కృష్ణప్రసాద్ విజయనగరానికి ఫోన్ చేసి తల్లిని అడిగాడు. అన్నప్రాసనన్నా అవకుండా ఫోటో ఏంట్రా, బిడ్డకి ఆయుష్షు తగ్గదూ అని కోప్పడింది బాలనాగమ్మ. ఫోటోగ్రాఫర్ కూతురు కూడా ఆ మాటకి ఎదురు చెప్పలేదు. వాళ్ల స్టూడియోలోనూ అదే ఆచారం మరి. చివరికి ఆ పిల్లాడి ఆయుష్షు వారమైనా లేదు. ఆడవాళ్లు రాకూడదన్నారు, అప్పటికి ఆమె లేచి నిలబడే స్థితిలోనూ లేదు. మగవాళ్లే వెళ్లి అన్నీ ముగించుకుని వచ్చారు.

ఆ రోజు మంచం పక్కన కూర్చుని కృష్ణప్రసాద్ ఒక మాట చెప్పాడు. "నిన్న కళ్లు తెరిచేడు సుభద్రా. గంతలు మార్చేటప్పుడు నేను చూసేను. అచ్చం నీ కళ్లే. నావైపే చూసేడు."

ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది ఆమె. ఎలా ఉన్నాయి, నల్లగానా, గోధుమరంగా అని అడిగేది. నల్లగా, తడితడిగా అనేవాడు. పెద్దవా? నీకన్నా కాస్త పెద్దవి. రెప్పలు? ఒత్తుగా. అడిగినకొద్దీ చెప్పేవాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ కళ్లని ఒక్కసారి చూడాలి, ఎలాగోలా చూడాలి. ఈ లోకంలో సుభద్రకి అంతకు మించిన కోరిక మరొకటి లేకుండా పోయింది.

అలాంటి రోజుల్లో వచ్చిందా ఫోటో. అయోవా అని, అమెరికా నడిబొడ్డున మొక్కజొన్న పండించే రాష్ట్రం. అక్కడి రైతు కుటుంబం ఒకటి ఇంచుమించు వందేళ్ల కిందట పట్నం వెళ్లి స్టూడియోలో దిగిన బొమ్మ. బుర్రమీసాల తండ్రి, మెడ పట్టేసే కోటు తొడుక్కుని కుర్చీలో బిగుసుకు కూర్చున్నాడు. వెనక ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. తల్లి ఒళ్లో పసిబిడ్డ. వీళ్లందరి వెనకా రాజమహలు స్తంభాలు, పాలరాతి మెట్లు రాసిన తెర. ఆ తెర చూసి సుభద్రకి చాన్నాళ్ల తరవాత నవ్వొచ్చింది. బండి దిగి బురద బూట్లతో వచ్చిన రైతుకి వెనక రాజమహలు. నాన్న స్టూడియోలోనూ ఉండేది అలాంటి తెరే, దాని ముందు నిలబడ్డవాళ్లు కూడా ఇలాంటివాళ్లే.

ఆ కాలం కెమెరా ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఏ కాస్త కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. తండ్రి మీసం కొస కాస్త చెదిరింది. చిన్న కుర్రాడు ఉండబట్టలేక తల తిప్పినట్టున్నాడు, మొహం సగం పొగలా ఉంది. తల్లి గడ్డం దగ్గర కూడా చిన్న వణుకు. ఒళ్లో బిడ్డ మాత్రం, బొమ్మ మొత్తానికీ ఒక్క ఆ బిడ్డ మాత్రం, టోపీ లేసు పోగులతో సహా స్పష్టంగా ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. బిడ్డ నిద్రపోవడం లేదని సుభద్రకి వెంటనే తెలిసిపోయింది.

మరకలు తీయండి, మూల చిరుగు అతకండి, తక్కినదేదీ ముట్టుకోవద్దు అని రాసి ఉంది ఆర్డరులో. సుభద్ర చదివింది కూడా. కానీ కళ్లు తెరిపించడం ముట్టుకోవడం కిందికి వస్తుందని ఆమెకి తోచనే లేదు. ఆమెకి అది చిరుగు అతకడం లాంటిదే. పోయిన బిడ్డ ఫోటో పంపించి, కళ్లు తెరిపించండి అని ఏ ఇంటివాళ్లు నోరు తెరిచి అడుగుతారు? అడక్కుండానే చేసిపెట్టాలి. చేస్తే వాళ్లు ఏడుస్తూ వచ్చి చేతులు పట్టుకుంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఆమె చూసింది అదే.

మరకలు తీసింది, చిరుగు అతికింది, ఇక బిడ్డ మొహం తెర నిండా పెద్దది చేసుకుని మొదలుపెట్టింది. పై రెప్ప గీత, నల్లగుడ్డు, అందులో చిన్న వెలుగు చుక్క. చెయ్యి దానంతటదే నడిచింది. అంతా అయ్యాక కుర్చీ వెనక్కి జరిపి చూస్తే, నల్లగా, తడితడిగా, ఒత్తయిన రెప్పల మధ్య నుంచి రెండు కళ్లు తననే చూస్తున్నాయి. తన కళ్లే, కాస్త పెద్దవి.

సుభద్ర బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మిసెస్ లిమ్ కంగారుగా వచ్చి, తెర మీద బొమ్మ చూసి, అబ్బ ప్రాణం వచ్చిందే అని మెచ్చుకుని, భుజం తట్టి, ఆ పూటే దాన్ని అమెరికా పంపించేసింది. సుభద్ర ఎవరికీ చెప్పకుండా బిడ్డ మేరకే కత్తిరించి ఒక ప్రతి తీసుకుంది. ట్రైన్‌లో క్లెమెంటి చేరేదాకా దాన్ని గుండెకి ఆనించుకునే కూర్చుంది.

కృష్ణప్రసాద్ చేతిలో పెట్టి, ఎక్కడిదో ఎలా గీసిందో అంతా చెప్పి, అడిగింది. "చూసినవాళ్లు మీరొక్కరే. ఇవేనా?"

అతను చాలాసేపు చూశాడు. "ఇవే" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుంది పిచ్చిది. ఆ వారం రోజులూ ఆమె అన్నం కడుపు నిండా తింది. పొద్దున్నే లేచి దీపం పెట్టి, ఆ బొమ్మకేసి చూసి ఆఫీసుకి వెళ్లేది. కృష్ణప్రసాద్ దాన్ని ఈమెయిల్లో విజయనగరంలో తమ్ముడికి పంపించాడు. ఆ తమ్ముడు ప్రింటు తీయించి, అద్దం కట్టించి తల్లికిచ్చాడు.

తరవాత అమెరికా నుంచి ఫోనొచ్చింది. మిసెస్ లిమ్ మొహం మాడ్చుకుని రిసీవర్ సుభద్రకిచ్చి, నువ్వే మాట్లాడు, క్షమాపణ చెప్పుకో అంది. అవతల బాగా ముసలి గొంతు. పేరు మిసెస్ ఓల్సన్. ఫోటోలో తల్లిదండ్రులకి ఆఖరి కూతురట, ఆ ఫోటో తీశాక చాలా ఏళ్లకి పుట్టిందట. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. నెమ్మదిగా, ఇంగ్లీషు అర్థమవుతోందో లేదోనని ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పింది.

"అది మా అక్క. పేరు ఆల్మా. ఊపిరి లేకుండానే పుట్టింది, కళ్లు తెరవనే లేదు. ఆ ఫోటోగ్రాఫర్ రెప్పల మీద కళ్లు గీసిస్తానన్నాడట. మా నాన్న సరేనన్నాడట. మా అమ్మ ఒప్పుకోలేదు. దాని కళ్లు నేను చూడలేదు, నువ్వూ చూడలేదు, చూడని కళ్లు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు అందట. అమ్మ పోయేదాకా ఆ రెప్పలే చూసుకుంది తల్లీ. నాకు అవి కావాలి. నువ్వు పంపించిన బిడ్డెవరో నాకు తెలీదు."

సుభద్ర నోట సారీ అన్న ముక్క ఫోన్ పెట్టేశాక వచ్చింది.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ భర్తకి అదంతా చెప్పింది. తప్పు చేశాననే చెప్పింది. ఎవరి ఆచారం వాళ్లది, నేను మన ఆచారం వాళ్ల నెత్తిన రుద్దేను, అయినా మనం అదృష్టవంతులం, మీరైనా చూశారు, ఆ తల్లి అదైనా చూడలేదు పాపం అంది. కృష్ణప్రసాద్ కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"నేను చూళ్లేదు సుభద్రా."

ఆమెకి అర్థం కాలేదు.

"నర్సు ఆఫీసుకి ఫోన్ చేసింది. బాబు కళ్లు తెరిచేడు, వచ్చి చూసుకోండి అంది. ఆ రోజు టెస్టింగ్ నడుస్తోంది. సాయంత్రం వెళ్దాంలే అనుకున్నాను. రావద్దని ఎవరూ అన్లేదు, లేచి వెళ్లిపోతే అడిగేవాడు లేడు. నేనే, ఇది అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. వెళ్లేసరికి మళ్లీ గంతలు కట్టేసేరు. తెల్లారి పోయేడు. నువ్వు అలా పడుంటే నీకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. ఇంకేం లేదు నా దగ్గర."

సుభద్ర అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. నల్లగా అని ఎందుకు చెప్పావు? ఒత్తయిన రెప్పలని ఎందుకు చెప్పావు? మొన్న ఆ బొమ్మ చేతికిస్తే ఇవే అని ఏ నోటితో అన్నావు? ఒక్కటీ అడగలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి మీద అసహ్యం కాదు, కోపం కాదు, పచ్చి పగ పుట్టింది. కన్న కొడుకు కళ్లు తెరిస్తే చూడ్డానికి తీరిక లేకపోయిందా నీకు అని అతని కంచం తీసి విసిరికొట్టాలనిపించింది. కానీ అతను ఆ కంచం ముందే కూర్చుని, చేతికి మెతుకులు ఎండిపోతున్నా కదలకుండా ఉండిపోయాడు. చివరికి ఆమె లేచి గిన్నెలు సర్దుకుంది.

మర్నాడు ఆఫీసులో ఆ బొమ్మ మళ్లీ తెరిచింది. ఆమె గీసిన కళ్లు అసలు ఫోటో మీద లేవు. అద్దం మీద గీసి ఫోటో మీద పరిచినట్టు, కంప్యూటర్లో పైన వేరే పొర మీద ఉన్నాయి. ఆ పొర ఒక్కటీ తీసేస్తే చాలు, కింద అసలు బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక్క క్షణం పని. మిసెస్ లిమ్ అటూ ఇటూ తిరుగుతూ, ఇంకా అవలేదా అని అడుగుతూనే ఉంది. సుభద్ర వేలు మౌస్ మీద పెట్టి కూర్చుంది. ఆ కళ్లు ఎవరివీ కావు. మొగుడు చెప్పిన అబద్ధాన్ని తన చెయ్యి గీసింది, అంతే. ఆ సంగతి తెలిసి కూడా, అవి తననే చూస్తుంటే, తీసేయడానికి చెయ్యి రాలేదు. కన్నతల్లిగా వాడికి ఒక్క పనీ చేయలేదు, ఇప్పుడు ఈ పనా అనుకుంది. కళ్లు మూసుకుని నొక్కింది.

మళ్లీ చూసేసరికి రెప్పలు వాల్చుకుని ఆల్మా ఉంది అక్కడ. ఎవరి పిల్లో. ముక్కు వేరు, పెదాలు వేరు, అసలు ఆడపిల్ల. వారం రోజులు ఈ మొహంలో తన కొడుకుని ఎలా చూసుకుందో ఆమెకే అర్థం కాలేదు. ఇప్పుడు తలుచుకుందామంటే కొడుకు మొహం ఎక్కడా లేదు. అద్దంలోంచి చూసిన ఆ ఇంత ముక్కు, ఇంత నోరు కూడా ఈ పిల్ల మొహం కింద ఎక్కడో కలిసిపోయాయి. ఉన్నదీ పోగొట్టుకుంది.

ఆదివారం విజయనగరానికి ఫోన్ చేసే రోజు. లిటిల్ ఇండియాలో కొన్న ఫోన్ కార్డు గీకి కృష్ణప్రసాద్ నంబరు నొక్కాడు. ఆ వారమంతా వాళ్లిద్దరి మధ్యా అవసరానికి తప్ప మాటల్లేవు. ఒకటి మాత్రం తేల్చుకున్నారు. అమ్మకి నిజం చెప్పెయ్యాలి, ఎవరి బిడ్డనో దేవుడి పటాల పక్కన పెట్టుకుని పూజ చేయడం పాపం, చెప్పి ఆ పటం తీయించెయ్యాలి. తన నోటితో తను చెప్పలేనన్నాడు కృష్ణప్రసాద్. నేను చెప్తానంది సుభద్ర. చెప్పాలనే రిసీవర్ అందుకుంది. అతను పక్కనే నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

బాలనాగమ్మ ఆమెని నోరెత్తనివ్వలేదు.

"ఎంత చక్కగా ఉన్నాడే నా తండ్రి. మంచం మీద పడుకుంటే ఇటే చూస్తాడు, లేచి కూర్చుంటే ఇటే చూస్తాడు. ఫోటో ఒద్దన్నది నేనేనమ్మా. ఆ మాటన్న దగ్గర్నించీ నా నోటికి మెతుకు రుచించలేదు. నా నోరే వాణ్ణి మింగేసిందని ఏడవని రోజు లేదు, నీకు చెప్పుకోడానికి మొహం లేకపోయింది. నామాట ఇనకుండా ఆ నర్సెవరో తీసిందని ప్రసాదు చెప్పేడు. దాని కడుపు చల్లగా. నిన్న రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను."

సుభద్ర భర్తకేసి చూసింది. అతను ఇంకా నేలకేసే చూస్తున్నాడు. నర్సు సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"అచ్చం నీ కళ్లేనే. పుట్టినప్పుడు ఇలాగే చూసేడా?"

"ఇలాగే చూసేడత్తయ్యా."

"ఫోటోలో పిల్లాడి కింద చేతులు కనిపిస్తున్నాయి. ఇంత మోటుగా ఉన్నాయి. నర్సువా?"

అవి అయోవాలో ఒక రైతు పెళ్లాం చేతులు. చచ్చిన కూతుర్ని కెమెరా ముందు వణక్కుండా పట్టుకున్న చేతులు. ఎంత కత్తిరించినా బిడ్డని తెగ్గొయ్యకుండా వాటిని తీసెయ్యడం కుదరక సుభద్ర అలాగే ఉంచేసింది. అవతల ముసలావిడ ఊపిరి బిగబట్టి సమాధానం కోసం చూస్తోంది.

"నావే" అంది సుభద్ర.

"నీ చేతుల్లో ఉన్నాడన్నమాట. ఒంటరిగా పోలేదన్నమాట." అంది బాలనాగమ్మ. ఆ వెంటనే, ఎత్తుకుంటే ఎలా ఉండేవాడమ్మా, ఒళ్లు వెచ్చగా ఉండేదా, వేలు పట్టుకునేవాడా, ఏడుపు సన్నగా ఉండేదా అని ఒకటొకటే అడగడం మొదలుపెట్టింది. కార్డు అయిపోయేదాకా అడుగుతూనే ఉంది. సుభద్ర అన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పింది.